టేకు చేప ఆగిన చోటు

నేను సముద్రం అడుగుకు పోయి వచ్చినవాణ్ణి. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకు కొమ్ముతో చేసిన క్లిప్పు పెట్టుకుని, తాడు పట్టుకుని ఏడు నిలువుల లోతు దిగాను. ఈ మాట మా వాడకట్టులో నలభై ఏళ్ళు చెప్పాను. నమ్మినవాళ్ళు చాలామంది ఉన్నారు, మా ఆవిడతో కలిపి. నిజమేమిటంటే, నేను చెప్పబోయే రోజుల నాటికి నేను చూసిన అతి పెద్ద నీళ్ళు మీరాలం చెరువు. అందులో కూడా మోకాళ్ళ దాకే దిగాను. అదీ చెప్పు జారి నీళ్ళలో పడితే, తీసుకోవడానికి. ఆ రాయి, ఆ క్లిప్పు, ఆ తాడు వేరే మనిషివి. ఆయన దగ్గర నేను ఎత్తుకొచ్చాను.

రెండు రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు అది. నాకు ఇరవై మూడేళ్ళు. మా నాన్న గుళ్ళో పరిచారకుడు. ఇత్తడి సామాను తోమడం, దీపాలు వెలిగించడం, ఉత్సవాలప్పుడు పల్లకి మోయడం ఆయన పని. మోకాళ్ళు పట్టేసి ఇక తనవల్ల కాదనుకున్నాక ఆయన చూపు నా భుజం మీద పడింది. ఒకరోజు అన్నం తింటుంటే వెనక నుంచి వచ్చి జానతో నా భుజం కొలిచాడు. ఏమీ అనలేదు. కొలిచి వెళ్ళిపోయాడు. నాకు బొమ్మలు వేయడం తప్ప ఇంకేదీ రాదు, ఇంకేదీ చేయాలనీ లేదు. దుకాణాల బోర్డులు రాసుకుంటూ తిరుగుతున్నాను.

అప్పుడే షాలిబండ దగ్గర ఒక మిడిల్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు పని ఖాళీ పడింది. ఒకప్పుడు ఎవరో జాగీర్దారు కట్టించుకున్న దేవిడీలో నడిచేది ఆ బడి. ఎత్తయిన గదులు, లావు గోడలు, ఈ చివర పాఠం చెబితే ఆ చివరకు వినపడదు. హెడ్మాస్టరు మా ఊరివాడే. మనిషి మంచివాడు, కానీ ఆయనకు ఒక పిచ్చి కోరిక ఉండేది. సైన్సు గదిలో ఒక గోడ నిండా సముద్రం ఉండాలి. ఇక్కడి పిల్లలు సముద్రం ఎప్పుడు చూడాలె, గోడ మీదనన్న చూడనీ అనేవాడు. నన్ను కూర్చోబెట్టి ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"సముద్రం చూసినవా?"

"మూడుసార్లు చూసిన సార్" అన్నాను. ఒకసారి అంటే అబద్ధమనుకుంటాడేమోనని భయం.

ఆ మూడు సముద్రాల బలం మీద ఏడాదికి టెంపరరీగా తీసుకున్నాడు. షరతు కూడా అప్పుడే చెప్పాడు. ఏడాది చివర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తాడు, గోడ చూస్తాడు, బాగుందంటే నా పేరు పర్మనెంటుకు రాస్తాడు. లేదంటే వేసవి సెలవులతోపాటు నాకూ సెలవే. అంటే గోడ నిలిస్తే నేను నిలుస్తాను, లేకపోతే పల్లకి.

ఆ గోడ ఇరవై గజాలు ఉండేది. ఉండేది అని చెబుతుంటాను. నిజానికి పన్నెండు అడుగులు. మూడు నెలలు పట్టింది. నీలం, ఆకుపచ్చ, కింద పగడపు గుట్టలు, మధ్యలో చేపలు. చేపల కోసం బేగంబజార్ చేపల దుకాణాల ముందు నిలబడి బొచ్చెలు, కొరమీనులు చూసి వేశాను. చెరువు చేపలకు ఎరుపూ పసుపూ పూస్తే సముద్రపు చేపలు కావని ఎవరన్నారు? పిల్లలు వచ్చి చూసి నోళ్ళు తెరిచేవాళ్ళు. హెడ్మాస్టరు రోజూ సాయంత్రం వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని సముద్రపు గాలి పీల్చుకున్నట్టు నిలబడేవాడు.

సైన్సు మాస్టరు అప్పుడే బందరు వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. సన్నటి మనిషి, మందం కళ్ళద్దాలు. మా మాట ఆయనకు, ఆయన మాట మాకు రెండు మూడు నెలలు వింతగానే ఉండేది. ఒకరోజు గోడ దగ్గరికి వచ్చి, చేపల గురించి ఏమీ అనకుండా, అంతా అయ్యాక ఒక సలహా ఇచ్చి పోయాడు. టేకు కూడా వేయండి మేష్టారూ, బాగా పెద్దదిగా వేయండి, పిల్లలు జన్మలో మర్చిపోరు అన్నాడు.

టేకు అంటే ఏమిటని అడగలేను. అడిగితే నా మూడు సముద్రాలూ అక్కడే ఇంకిపోతాయి. అందుకని బుర్ర ఉపయోగించాను. టేకు నాకు తెలియనిదా? దేవిడీ దూలాలు టేకు, తలుపులు టేకు, ఆ గదిలో బల్లలు టేకు. బర్మా నుంచి టేకు ఓడల మీద వచ్చేదని మా మేనమామ చెప్పేవాడు. ఓడ మునిగితే ఆ దుంగలు ఎక్కడికి పోతాయి? అడుగుకే కదా. సైన్సు మాస్టరు ఎంత లోతు మనిషో అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని సముద్రం అడుగున ఐదడుగుల టేకు దుంగ వేశాను. రంపంతో కోసిన కొసన వలయాలు వేశాను. బెరడు వేశాను. ఆఖరుకు కలప డిపో వాళ్ళు కొట్టే ముద్ర కూడా వేశాను.

సైన్సు మాస్టరు వచ్చి చాలాసేపు చూశాడు.

"ఇదేంటండీ?"

"టేకు" అన్నాను.

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. కళ్ళద్దాలు తీసి నవ్వాడు, పెట్టుకుని దుంగను చూశాడు, మళ్ళీ తీసి నవ్వాడు. "టేకంటే చేపండీ బాబూ. దుప్పటంత చేప" అన్నాడు. కాసేపటికి నవ్వు ఆగింది. గొంతు తగ్గించి, "మీరు సముద్రం చూళ్ళేదు కదూ" అన్నాడు.

ఒకసారి చూశానన్నాను. ఆయన అలాగే చూస్తూ ఉన్నాడు. చూడలేదన్నాను.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, ఇచ్చిన మాట తప్పలేదు కూడా. కానీ రాబోయే ఇన్‌స్పెక్టరు కూడా తమ వైపు మనిషేననీ, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడనీ చెప్పాడు. ఆయన వచ్చేది వచ్చే సోమవారం. చేతిలో వారం రోజులున్నాయి. సైన్సు మాస్టరు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద టేకు చేప వేసి చూపించాడు. గాలిపటం లాంటి ఒళ్ళు, కింద పొడుగు తోక. ఇసుకలో పరిచి అమ్మేటప్పుడు ఇలాగే ఉంటుందన్నాడు.

"అది సచ్చిపోయింది."

ఆ మాట తలుపు దగ్గర నుంచి వచ్చింది. అక్కడ మా బడి చావుష్ నిలబడి ఉన్నాడు. బార్కస్‌లో ఉండే అరబ్బులను మా ఊళ్ళో చావుష్‌లంటారు. ఈయన యవ్వనంలో అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చాడు. ఫౌజు పోయింది, ఈయన మిగిలాడు. గళ్ళ లుంగీ, గోరింట పెట్టిన గడ్డం, నడుముకు వెడల్పు పట్టీ. రోజూ పొద్దున బార్కస్ నుంచి ఫలక్‌నుమా మీదుగా నడిచి వచ్చేవాడు. బడికి వాచ్‌మన్ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే. అంతకు ముందు ఆయన మాతో మాట్లాడింది తక్కువ. తెలుగు కూరగాయల వాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, అందుకని ఆయన తెలుగులో సగం బేరం ఆడినట్టు ఉండేది.

లోపలికి వచ్చి నల్లబల్ల మీది బొమ్మను అరచేత్తో తుడిచేశాడు. సైన్సు మాస్టరు కాదనలేదు. బొమ్మ వేయడం చావుష్‌కు రాదు. చేతులు రెండూ చాచి, మోచేతుల దగ్గర మెల్లగా పైకీ కిందికీ ఆడించి, ఇదీ బతికున్నప్పుడు అన్నాడు. అరవై దాటిన మనిషి, గదిలో మూడడుగులు అలా ఎగిరాడు. నవ్వు రాలేదు నాకు.

ఆ వారమంతా ఆఖరి గంట కొట్టాక ఆయన సైన్సు గదికి వచ్చి కూర్చునేవాడు. చిన్నప్పుడు ముత్యాల పడవల మీద పనిచేశాడట, ఎర్ర సముద్రంలో. మనం చార్‌కమాన్ దుకాణాల్లో చూసే ముత్యాలు దండకు ఎక్కడానికి ముందు ఏ మనిషి ఊపిరి బిగబట్టి తెచ్చాడో నాకు అప్పుడే తట్టింది. రాయి, క్లిప్పు, తాడు ఆయనవే. కానీ ఆయన ఆ చేపను చూసింది మునిగి కాదు. నీళ్ళలో కళ్ళు తెరిస్తే అంతా మసకేనట. వాళ్ళ దగ్గర రేకు డబ్బా ఒకటి ఉండేది, అడుగు తీసేసి అద్దం బిగించింది. దాన్ని పడవ పక్కన నీళ్ళ మీద ఆనించి తల లోపల పెడితే అడుగు దాకా కిటికీలోంచి చూసినట్టు కనపడేదట. ముత్యపు చిప్పలు వెతకడానికి పెట్టుకున్న డబ్బా అది. చిప్పలు వెతకమంటే చేపలు చూస్తున్నాడని పడవ నాయకుడి చేత దెబ్బలు తిన్నానని చెప్పాడు.

ఆయన చెప్పింది ఇది. అడుగున ఒక పగడపు గుట్ట ఉంటుంది. అన్ని గుట్టలూ కాదు, ఒక్కటే. పొద్దుటి పూట ఆ పెద్ద చేపలు దూరం నుంచి అక్కడికి వస్తాయి. పైన నలుపు, పొట్ట తెలుపు, పొట్ట మీద సిరా చిలికినట్టు మచ్చలు. ఏ రెండింటి మచ్చలూ ఒకలా ఉండవు. మూతికి ఇటొకటి అటొకటి రెండు తొడుగుల్లాంటివి ఉంటాయి, పాన్ చుట్టినట్టు చుట్టుకుంటాయి, విప్పుకుంటాయి. గుట్ట మీదికి రాగానే వేగం తగ్గించి, అక్కడక్కడే తిరుగుతూ దాదాపు నిలబడిపోతాయి. అప్పుడు గుట్టలోంచి వేలెడు చేపలు, ఒంటి మీద గీత ఉన్నవి, బయటికొచ్చి దాని ఒళ్ళంతా శుభ్రం చేస్తాయి. పొట్ట కింద, మొప్పల్లో, నోట్లో. పుండు ఉంటే పుండు చుట్టూ. ఒకటి అయ్యేదాకా ఇంకొకటి పక్కన తిరుగుతూ ఉంటుంది. తోక తెగిన ఒక దాన్ని ఆయన ఆ కాలమంతా గుర్తుపట్టేవాడట. మేరా గిరాకీ, అంటే నా ఖాతాదారు, అనేవాడు దాన్ని.

నోట్లోకి పోయిన చిన్న చేప బయటికి ఎట్లా వస్తుంది, మింగదా అని సైన్సు మాస్టరు అడిగాడు. ముసలాయన గడ్డం పైకెత్తి, మెడ చాచి, కళ్ళు మూసుకుని చూపించాడు.

"గడ్డం గీకే హజామ్ దగ్గర కూసుంటవు కదా. గొంతు మీద కత్తి ఉంటది. హజామ్‌ను కొడతవా?"

ఇప్పుడు టీవీలో చూపిస్తారు ఇదంతా. పోయిన ఏడు మా మనవరాలు పెట్టి చూపించింది. గుట్ట, గీతల చేపలు, వంతు కోసం తిరగడం, అచ్చంగా అదే. అప్పట్లో మాత్రం దానికి ఉన్న సాక్ష్యం షాలిబండలో గంట కొట్టే ఒక ముసలాయన.

నేను ఆయన చెప్పినట్టే వేశాను. దుంగను చెరిపే వ్యవధి లేదు, ఆయిల్ పెయింటు ఆరదు. ఏం పర్వాలేదు, చేప రావడానికి గుట్ట కావాలి కదా అన్నాడు ఆయన. దుంగ మీద పగడాలు ఎక్కించాం. డిపో ముద్ర మీద ఒక పీతను కూర్చోబెట్టాం. దాని పైన టేకు చేప. నలభై అడుగుల చేప అని చెప్పుకునేవాణ్ణి. ఐదడుగులు. రెక్కల వంపు మూడుసార్లు దిద్దించాడు. రెక్క ఎత్తితే తప్పు, దించితే తప్పు. నాలుగోసారికి ఏమీ అనకుండా నిలబడ్డాడు. అప్పుడు నాకు అర్థమైంది, అది ఆగినట్టుందని. చివరకు దాని చుట్టూ పదకొండు చిన్న చేపలు వేశాను, రెండు నోటి దగ్గర. నా బొమ్మల్లో నేను నిజంగా చూసి వేసినట్టు అనిపించింది ఆ ఒక్కటే. చూసిందేమో ఆయన.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్ల ధోవతి, నల్ల కోటు, మర్యాదగా మాట్లాడే మనిషి. హెడ్మాస్టరు, సైన్సు మాస్టరు, నేను వెంట ఉన్నాం. గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా బొచ్చెలనూ కొరమీనులనూ ఒకసారి చూసి, సన్నగా నవ్వి, వదిలేశాడు. టేకు చేప దగ్గర ఆగాడు. భేష్, రెక్క భలే వచ్చిందన్నాడు. తర్వాత వేలు చిన్న చేపల మీదికి పోయింది. ఇవి దీన్ని కొరుకుతున్నాయా అని అడిగాడు. శుభ్రం చేస్తున్నాయని చెప్పాను. ఆయన సైన్సు మాస్టరు వైపు తిరిగాడు. సైన్సు మాస్టరు తాను ఒడ్డున చచ్చిన టేకులను చూశాననీ, నీళ్ళలో అవి ఏం చేస్తాయో తెలియదనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

హెడ్మాస్టరు నా భుజం తట్టాడు. మా డ్రాయింగ్ మాస్టరు సముద్రం మూడుసార్లు చూసిండండీ అన్నాడు.

"మీరు చూశారా ఇది, కళ్ళారా?" ఇన్‌స్పెక్టరు నన్నడిగాడు.

"చూసిన సార్. మునిగి చూసిన."

నాలుక ఆగలేదు. రాయి చెప్పాను, ముక్కు క్లిప్పు చెప్పాను, తాడు చెప్పాను. ఏడు నిలువులు చెప్పాను.

"ఎంతసేపు మునిగారు?"

"అరగంట సార్."

సైన్సు మాస్టరు తన బూట్లను చూసుకుంటున్నాడు. పావుగంట ఉంటదేమో సార్ అన్నాను. తలుపు దగ్గర చావుష్ నిలబడి ఉన్నాడు, చేతిలో గంట కొట్టే సుత్తి. ఆయన రాయిని, ఆయన తాడును నేను ఆయన ముందే నా ఒంటికి కట్టుకున్నాను. ఆయన ముఖంలో కోపమేమీ లేదు. పిల్లలు పాఠం అప్పజెబుతుంటే తప్పు ఎక్కడ పోతుందో చూసే మనిషిలా వింటున్నాడు.

"నేను మునగలే సార్" అన్నాను. "సముద్రమే చూడలే. చూసింది ఆయన."

హెడ్మాస్టరు చెయ్యి నా భుజం మీద నుంచి తీసేశాడు. పల్లకి బొంగు అక్కడ ఆనినట్టే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు ముసలాయనను లోపలికి పిలిచి, కుర్చీ వేయించాడు. అది ఆయన గొప్పతనమే. ఉర్దూ ఆయనకు రాదు, నేను మధ్యలో తెలుగు చేశాను. ఈసారి ఒక్క మాట కూడా కలపలేదు. డబ్బా గురించి అడిగాడు, లోతు గురించి అడిగాడు, ఏ నెలల్లో అని అడిగాడు. ముసలాయన తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. చివరకు ఇన్‌స్పెక్టరు, ఇది ఏ పుస్తకంలోనైనా ఉందా అని అడిగాడు.

"కితాబ్ మే నై హై సాబ్. పానీ మే హై."

"పుస్తకంలో లేదట సార్. నీళ్ళలో ఉందట" అని చెప్పాను.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ గోడ వైపు తిరిగాడు. నేనూ సముద్రం ఒడ్డునే పుట్టాను, నా జన్మలో వినలేదు అన్నాడు. ఈయన అబద్ధమాడుతున్నాడని అనను, కానీ బళ్ళో గోడ మీద ఉన్నది పరీక్షలో పిల్లలు రాస్తారు, పుస్తకంలో లేనిది రాస్తే మార్కులు పోతాయి అన్నాడు. ఆ మాట తప్పని ఇప్పటికీ అనలేను. చిన్న చేపలను తీసేయించమని హెడ్మాస్టరుకు చెప్పాడు. మిగతాది బాగుందనీ, రేపు పొద్దున ఇంకో బడి చూసి తిరిగి వెళ్ళేటప్పుడు వచ్చి సంతకం పెడతాననీ అన్నాడు. బయటికి వెళ్ళాక హెడ్మాస్టరు నాతో ఒక్క ముక్కే అన్నాడు.

"ఆ మూడు సముద్రాల సంగతి తర్వాత మాట్లాడుదాం. ముందు ఆ చేపలు తీసెయ్."

ఇక్కడి నుంచి నేను రెండు రకాలుగా చెబుతాను. పెళ్ళిళ్ళలో, అరుగుల మీద చెప్పేది ఇది. కుంచె విసిరికొట్టాను, నౌకరీ కోసం నిజాన్ని చెరపనన్నాను, ఆ పట్టుదల చూసి ఇన్‌స్పెక్టరే దిగివచ్చి సంతకం పెట్టాడు. మా పిల్లలకు ఇంకోటి చెప్పాను. పది చెరిపి, ఒక్కదాన్ని మాత్రం ఎవరికీ కనపడకుండా మొప్ప సందులో దాచి ఉంచానని. మా చిన్నవాడు బళ్ళో చేరినప్పుడు దాన్ని వెతకడానికి ఆ గోడ దగ్గర నిలబడేవాడు.

అలాంటిదేమీ లేదు. ఆ సాయంత్రం బడి వదలగానే నీలం కలిపాను. చేప ఒంటి మీద ఉన్నవాటికి నలుపు, తెలుపు. పదకొండునూ చెరిపాను, నోటి దగ్గరి రెండింటితో మొదలుపెట్టి. అరగంట కూడా పట్టలేదు.

చావుష్ కిటికీలు వేయడానికి వచ్చాడు. తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. నేను తిరిగి చూడలేదు.

"నౌక్రీ మిలీ?" అన్నాడు.

రేపు సంతకం పెడతారని చెప్పాను.

"అచ్ఛా హువా" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు. నా తండ్రి పల్లకి సంగతి ఆయనకు నేనే చెప్పి ఉన్నాను. కిటికీలు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చి, చివరి కిటికీ దగ్గర ఆగి గోడ వైపు చూశాడు.

"కానీ మాస్టర్, ఇప్పుడు ఇది ఈడ ఎందుకు ఆగింది?"

"దమ్ తీసుకుంటున్నదనుకో చావుష్ సాబ్."

"అది దమ్ తీసుకోదు. రెక్క ఆడకుంటే మునిగిపోతది. హజామత్ కోసమే ఆగుతది."

చివరి కిటికీ కూడా వేశాడు. నేను కుంచె కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాను.